ఎముకలో చీము: నానో కణాల ఇంజెక్షన్‌తో పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్ ఉంది. రెండేళ్ల కిందట బైక్ ప్రమాదంలో మోకాలి కింద ఎముక విరిగితే రాడ్ వేశారు. కొన్నాళ్లకు అక్కడ చిన్న రంధ్రం పడి చీము కారడం మొదలైంది. మందులు వాడినన్నాళ్లూ తగ్గుతుంది, ఆపగానే మళ్లీ వస్తుంది. ఆపరేషన్ చేసి, చెడిన ఎముక తీసి యాంటీబయాటిక్ పూసలు పెడతామంటున్నారు. రంధ్రాలున్న సిరామిక్ నానో కణాల్లో మందు నింపి ఎక్కిస్తే నేరుగా జబ్బు ఉన్నచోటికే వెళ్తుందని వీడియోలో చూశాం. కోత లేకుండా అది చేయించలేమా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: చేయించలేరండి. ఎముక ఇన్ఫెక్షన్‌కు ఆమోదం పొందిన చికిత్సగా అది ఇంకా రాలేదు. అలాగని మీరు చూసింది ఉత్త ప్రచారమూ కాదు. మీరు చెప్పిన సిరామిక్ కణాలు సిలికావి, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. తేనెపట్టు గదుల్లా వరుసగా రంధ్రాలుండే సిలికాను 1992లో మొబిల్ కంపెనీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్లది చమురు రంగం, మందుల గొడవే లేదు. 2001లో మాడ్రిడ్‌లో మరియా వాలెట్-రెజీ అనే శాస్త్రవేత్త బృందం అందులో ఇబుప్రోఫెన్ అనే నొప్పి మందు నింపి, అది మెల్లగా బయటికొస్తుందని చూపించింది. ఒక్కో రంధ్రం వెడల్పు రెండు మూడు నానోమీటర్లే (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు). కానీ గ్రాము పొడిలోని లోపలి గోడలన్నీ కలిపితే దాదాపు పావెకరం! మందు పట్టేది అక్కడే. రంధ్రం సైజును, గోడకు అతికించే రసాయనాన్ని మార్చి మందు వదిలే వేగాన్ని మారుస్తారు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట ఆమ్లత్వం పెరుగుతుంది కాబట్టి, అక్కడే తెరుచుకునే మూతలూ పెట్టి చూస్తున్నారు. చిక్కంతా ఇక్కడే. మూత సరిగా పడకపోతే మందు దారిలోనే కారిపోతుంది. రక్తంలోకి ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

మీ నాన్నగారి విషయంలో అసలు అడ్డంకి వేరే ఉంది. చచ్చిన ఎముకకు రక్తం అందదు. రక్తంలో వెళ్లే మందు ఎంత గొప్పదైనా అక్కడికి చేరదు. పైగా రాడ్ మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. మందులు ఆపగానే చీము తిరగబెట్టేది అందుకే. చెడింది తీయక తప్పదు.

పూసలంటారా, అవీ మందు మోసే పదార్థాలే, కాకపోతే మోటు రకం. కాల్షియం సల్ఫేట్ పొడిలో వాంకోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందు కలిపి, ముద్ద చేసి, థియేటర్‌లోనే అచ్చులో నొక్కుతాం. గట్టిపడ్డాక, శుభ్రం చేసిన గుంతలో నింపేస్తాం. అవి కొన్ని వారాల పాటు కరుగుతూ మందు వదులుతాయి. రక్తంలో ఇవ్వలేనంత మోతాదు ఆ గుంతలోనే ఉంటుంది, కిడ్నీల మీద భారం తక్కువ. షుగర్ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. అదే బోన్ సిమెంట్ పూసలైతే కరగవు, మళ్లీ తీయాల్సి రావచ్చు. ఏవి పెడుతున్నారో ముందే అడగండి.

కరిగే పూసలు పెట్టాక కొందరికి గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారుతుంది. చీము తిరిగొచ్చిందని టెన్షన్ పడొద్దు, కానీ సర్జన్‌కు చూపించండి. జ్వరం, ఎర్రదనం, దుర్వాసన ఉంటే మాత్రం అదేరోజు వెళ్లాలి. అరుదుగా రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మగత కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి.

బయటికి కారే చీము పరీక్ష ఒక్కటే నమ్మొద్దు, అందులో చర్మం మీది క్రిములూ కలుస్తాయి. ఆపరేషన్‌లో తీసిన ఎముక ముక్కల్ని కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి అదేదో తేల్చే పరీక్షకు పంపమనండి. రాడ్ తీసేస్తారా, తీస్తే ఎముకకు ఆసరా ఏమిటి అన్నదీ తేల్చుకోండి. ఈలోగా షుగర్ అదుపులోకి తెండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఇవాళే మాన్పించండి.