‘మస్ట్’ తరువాత ‘హ్యాజ్’ ఎందుకు రాదు?
కర్త ‘షీ’ అయినప్పుడు ‘హ్యాజ్’ రావాలి కదా, ‘షీ మస్ట్ హ్యావ్ గాన్’ ఎలా సరైనదవుతుందని మీరు అడిగారు. మస్ట్, షుడ్, కుడ్, మైట్ వంటి క్రియల వెంటనే వచ్చే క్రియ, కర్త ఎవరైనా సరే, మూలరూపంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ‘హ్యాజ్’కు గానీ ‘హ్యాడ్’కు గానీ చోటు లేదు, ఆ ‘హ్యావ్’ తరువాత మాత్రం ‘గాన్’ వంటి మూడవ రూపం రావాలి.

అసలు జాగ్రత్త పడవలసింది అర్థం దగ్గర. గుమ్మం ముందు చెప్పులు లేకపోవడం చూసి ‘ఆమె వెళ్ళిపోయే ఉంటుంది’ అని ఊహిస్తే ‘మస్ట్ హ్యావ్ గాన్’ అంటాము. ‘వెళ్ళి ఉండాల్సింది, కానీ వెళ్ళలేదు’ అని బాధపడే చోట ‘షుడ్ హ్యావ్ గాన్’ అంటాము. వేగంగా పలికినప్పుడు ఇది ‘షుడ్ ఆవ్’ అని వినిపిస్తుంది. దాన్ని ‘షుడ్ ఆఫ్’ అని మాత్రం రాయకండి, ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనూ ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.