ప్రార్థన చేస్తున్నా పందెం మీదికే మనసు పోతోందంటే

వందనాలు తమ్ముడూ. ఉదయం గంట, రాత్రి గంట ప్రార్థన చేస్తున్నా, చెరువు కాపలాకు కూర్చోగానే ఫోనులో క్రికెట్ పందెం మీదికే మనసు పోతోందని, సంఘపెద్ద ఒకాయన ఇంకా ఎక్కువసేపు ప్రార్థించమన్నాడని రాశావు. నీకు గంటలు చాలక కాదనిపిస్తోంది. నువ్వు ప్రార్థించే వేళ ఒకటి, శోధన వచ్చే వేళ ఇంకొకటి.

భీమవరం దగ్గర నేనూ చాలా ఏళ్లు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా చేశాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు ఆగకూడదు, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. నిద్రపోవడానికి లేదు, అలాగని చేతినిండా పనీ ఉండదు. పక్క షెడ్డులో కోతముక్క, అంటే డబ్బు పెట్టి ఆడే పేకాట, నడిచేది. ‘ఒక్క ఆటే, రా’ అని పిలుపు.

అప్పట్లో చెక్‌ట్రే, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీటిలోకి దింపే పళ్లెం, దాని తాడు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒకే మాట అనుకునేవాణ్ని: ‘దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము.’ డెబ్బయ్యో కీర్తన మొదటి మాట అది. ట్రే పైకి వచ్చేలోపు అయిపోతుంది. ఆ తర్వాత టార్చి వెలుగులో మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా చూసుకోవడం. ఇది నా తెలివేమీ కాదు, పాస్టరుగారు చెప్పింది. ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు ఆకలేసినా, నిద్ర ముంచుకొచ్చినా, కోపం వచ్చినా ఇదే వచనం పట్టుకునేవారని జాన్ కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి 5వ శతాబ్దంలోనే రాసిపెట్టాడట.

మొదట్లో నోరు వచనం చెబుతుంటే చెవి షెడ్డు వైపే ఉండేది. అయినా మానలేదు. కొన్నాళ్లకు కోరిక పోయిందా అంటే పోలేదు. కాకపోతే అది బయలుదేరినప్పుడే తెలిసిపోయేది. అంతకుముందు సగం దారి నడిచాక గాని తెలిసేది కాదు. యెడతెగక ప్రార్థించమన్నది ఇందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. గెత్సేమనేలో ప్రభువు శిష్యులతో ‘మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి’ అన్నాడు. మనం రెండో సగాన్నే పట్టుకుంటాం.

ఇంకో సంగతి కఠినంగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు. పందెం యాప్‌ను ఫోనులో ఉంచుకుని ‘మమ్మును శోధనలోకి తేక’ అని ప్రార్థించడం నాకు నచ్చదు. యోసేపు పోతీఫరు భార్య ముందు మోకాళ్లూనలేదు, వస్త్రం ఆమె చేతిలో వదిలేసి పారిపోయాడు. ఈ రాత్రే ఆ యాప్ తీసెయ్. వీలైతే కాపలాకు బటన్ల ఫోను తీసుకెళ్లు. యజమాని ఫోను చేయడానికి అది చాలు.

భోగి, సంక్రాంతి, కనుమ మాత్రం వేరే లెక్క. కోడిపందేల బరి దగ్గరి మైకు గట్టు దాకా వినిపిస్తుంది. బావమరుదులు బండి ఆపి ‘పందెం కాయొద్దులే, చూసొద్దాం’ అంటారు. చూడ్డానికి వెళ్లినవాడు గుండాట జూదం బల్ల దగ్గర తేలడం మన వైపు అందరికీ తెలిసిందే. ఆ మూడు రోజులూ నేను ఒంటరి ప్రార్థనతో సరిపెట్టుకునేవాణ్ని కాదు. మా సంఘంలో వరుసకు బాబాయి ఒకాయన ఉండేవాడు. ‘మనసు అటు లాగుతోంది బాబాయ్’ అని ఫోను చేస్తే, అందులోనే రెండు ముక్కలు ప్రార్థించి, ‘పిన్ని అరిసెలు వండింది, వచ్చెయ్’ అనేవాడు. ఆ పిలుపే ప్రార్థనకు జవాబని నేను ఇప్పటికీ అంటాను. ఒకరి కోసం ఒకరు ప్రార్థించండని యాకోబు పత్రికలో ఉన్నది ఊరికే కాదు. నీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. నిన్ను చూసి ఆశ్చర్యపోని మనిషి అయితే మరీ మంచిది.

అప్పులు ఏమైనా అయ్యాయా అన్నది నువ్వు రాయలేదు. అయి ఉంటే దేవునికి చెప్పుకున్నంత వివరంగా మీ ఆవిడకూ చెప్పు, బాకీలవాళ్లు ఇంటికి రాకముందే.