ఎస్‌పీఎఫ్ పాస్ అయినా బిల్లులు స్పామ్‌లోకి పోతుంటే

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదండీ: నెల్లూరులో రొయ్యల మేత డీలర్‌షిప్, సొంత డొమైన్ మీద మెయిల్. మామూలు మెయిళ్లు బాగానే చేరుతున్నాయి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే బిల్లులే జీమెయిల్‌లో స్పామ్‌లో పడుతున్నాయి. ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే పట్టీ) పెట్టినా మార్పు లేదు.

ఇదంతా నేనూ పడ్డాను. మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసే చిన్న ఆఫీసులో లెక్కలు, కంప్యూటర్లు రెండూ నా నెత్తినే. బ్లాక్ గెలాక్సీ స్లాబుల ఫొటోలు, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపి వారం ఎదురుచూస్తే, బయ్యరే ఫోన్ చేసి ఇంకా పంపలేదేమని అడిగాడు. మా ఓనరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ముందు డీఎన్‌ఎస్ (మీ డొమైన్ రికార్డులన్నీ ఉండే చోటు) జోలికి పోకండి. మీ జీమెయిల్‌కే ఒక మామూలు మెయిల్, ఒక బిల్లు పంపుకోండి. కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్‌కి డొమైన్ పేరుతో పడే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండింటిలో ఒకటైనా 'ఫ్రమ్'లోని డొమైన్‌తో కలుస్తోందా అని చూసేది) అని వరసలు, పక్కన పాస్ అయిందో ఫెయిల్ అయిందో ఉంటుంది. నేను ఇది చూడకుండా మూడు రోజులు రికార్డులు కెలుకుతూ కూర్చున్నాను.

మా మామూలు మెయిల్‌కి ఎస్‌పీఎఫ్ దగ్గర 'పెర్మ్‌ఎర్రర్' అని, అంటే రికార్డే తప్పుగా ఉందని వచ్చింది. పాత హోస్టింగ్ వాళ్లు పెట్టిన ఎస్‌పీఎఫ్ రికార్డు అలాగే ఉంది, గూగుల్ వర్క్‌స్పేస్‌కి (సొంత డొమైన్‌తో గూగుల్ ఇచ్చే ఆఫీసు మెయిల్) మారినప్పుడు నేను ఇంకొకటి చేర్చాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, రెండుంటే రెండూ చెల్లవు. రెండింటిలోని 'ఇన్‌క్లూడ్'లు (ఫలానా కంపెనీ సర్వర్లనూ ఒప్పుకోమని చెప్పే ముక్కలు) కలిపి ఒకే రికార్డు చేశాను. అలాగని కనిపించినవన్నీ కలిపేయకండి, డీఎన్‌ఎస్ వెతుకులాట 10 దాటితే మళ్లీ అదే ఎర్రర్.

ఆఫీసు మెయిళ్లు దారికొచ్చాయి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లు మాత్రం దారికి రాలేదు. విచిత్రమేమిటంటే, ఇన్‌వాయిస్‌కి ఎస్‌పీఎఫ్ పాస్ అనే ఉంది, డీమార్క్ ఫెయిల్! అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎస్‌పీఎఫ్ చూసేది 'ఫ్రమ్'లో కనిపించే అడ్రసును కాదు, 'రిటర్న్ పాత్'లోని (చేరని మెయిల్ తిరిగొచ్చే అడ్రసులోని) డొమైన్‌ని. కవరు మీద ఒకరి అడ్రసు, లోపల ఇంకొకరి లెటర్‌హెడ్ అన్నట్టు. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వరు తన డొమైన్ పేరుతో పాస్ అయిపోతోంది, అది మన డొమైన్‌తో కలవడం లేదు కాబట్టి డీమార్క్ ఒప్పుకోవడం లేదు. మీదీ ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

దీనికి మీ ఎస్‌పీఎఫ్‌ని ఎంత మార్చినా లాభం లేదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మీ డొమైన్‌తో డీకిమ్ సంతకం చేసే వీలుంటే అది ఆన్ చేయండి. లేదంటే, మేము చేసినట్టు, బిల్లులు మీ మెయిల్‌బాక్స్ ఎస్‌ఎంటీపీ (మెయిల్ బయటికి పంపే సర్వరు) గుండానే వెళ్లేలా పెట్టుకోండి.

డీకిమ్ రికార్డు పెట్టేటప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. వర్క్‌స్పేస్ అయితే 'నేమ్' గడిలో 'గూగుల్ డాట్ అండర్‌స్కోర్ డొమైన్‌కీ' వరకే రాయాలి, డొమైన్ పేరు చాలా చోట్ల డీఎన్‌ఎస్ ప్యానెలే చివర తగిలిస్తుంది. నేను పూర్తిగా పేస్ట్ చేసేసరికి మా డొమైన్ పేరు రెండుసార్లు పడింది. చూడ్డానికి రికార్డు ఉంది, వెతికితే దొరకదు. 2048 బిట్ల కీ 255 అక్షరాలు దాటుతుంది, కొన్ని ప్యానెళ్లు తోక కత్తిరించేస్తాయి, సేవ్ చేశాక చివరి అక్షరాలు సరిచూసుకోండి. వర్క్‌స్పేస్ అయితే అడ్మిన్‌లో 'స్టార్ట్ ఆథెంటికేషన్' నొక్కేదాకా సంతకమే పడదు.

డీమార్క్‌ని 'నన్'తో (ఫెయిలైన మెయిల్‌ని ఏమీ చేయొద్దు అని) మొదలుపెట్టి, రిపోర్టులకు వేరే మెయిల్‌బాక్స్ ఇవ్వండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ మూడూ తప్పనిసరి చేసింది పెద్ద మొత్తంలో పంపేవాళ్లకు, గూగుల్ లెక్కలో అయితే రోజుకు సుమారు 5,000 నుంచి. మనలాంటి వాళ్లకు గూగుల్ అడిగేది ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ, అయినా మూడూ పెట్టుకోవడమే మేలు. 'క్వారంటైన్'కి (ఫెయిలైనవి స్పామ్‌లో వేయమనడానికి) అప్పుడే తొందరపడకండి. మా వెబ్‌సైట్ ఎంక్వైరీ ఫారం కూడా మా పేరుతో మెయిళ్లు పంపుతోందని ఆ రిపోర్టులు చూశాకే తెలిసింది.

బిల్లు మెయిల్ తాలూకు ఆ మూడు వరసలు, రిటర్న్ పాత్ ఇక్కడ పెట్టండి, మీ డొమైన్ పేరు మాత్రం చెరిపేయండి, చూస్తాను.