పదిహేడున్నర డాలర్ల దగ్గర నాన్న సినిమా ఆపమన్నారు

"క్రిస్మస్ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా, మనసుకు హాయిగా ఉండే క్రిస్మస్ సినిమాలు చెప్పండి" అని అడిగారు. నన్నడిగితే ఒక్క సినిమా చాలు. 1946లో వచ్చిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. ఇది చూశాక ఇంకా సెలవులు మిగిలితే మిగతావి చూద్దురుగాని.

బ్లాక్ అండ్ వైట్ అనగానే చాలామంది వద్దంటారు. దయచేసి అలా అనకండి. దీనికి రంగులద్దిన ప్రింటు కూడా దొరుకుతుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. హీరోగా చేసిన జేమ్స్ స్టూవర్టే ఆ రంగులద్దే పనిని గట్టిగా వ్యతిరేకించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు నడిపి తిరిగొచ్చాక అతను చేసిన మొదటి సినిమా ఇది. ఆ ముఖంలో ఉన్న అలసట రంగుల్లో కనబడదు.

కథ మనకు తెలిసినదే అనిపిస్తుంది. బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో జార్జ్ బెయిలీ అనే కుర్రాడు. ఊరు దాటి ప్రపంచమంతా తిరగాలని వాడి ఆశ. తండ్రి చనిపోవడంతో ఆయన నడిపిన 'బిల్డింగ్ అండ్ లోన్' వీడి మెడకు పడుతుంది. మన సహకార సొసైటీల్లాంటిది అది. ఊళ్లోవాళ్లు దాచుకున్న డబ్బునే, ఊళ్లోవాళ్లకు ఇళ్లు కట్టుకోవడానికి అప్పుగా ఇస్తారు. ఊళ్లో పెద్ద ధనవంతుడు పాటర్ దాన్ని మింగేయాలని చూస్తుంటాడు. ఒక క్రిస్మస్ ముందురోజు సొసైటీ డబ్బు 8000 డాలర్లు కనబడకుండా పోతాయి. ఆ రాత్రి జార్జ్ నదిలో దూకేద్దామని వంతెన మీదకు చేరతాడు. పండగ సినిమాలో ఇదేంటి అనుకోకండి, చివరిదాకా చూడండి.

2018 డిసెంబరులో అమ్మానాన్న మొదటిసారి నా దగ్గరికి, ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చారు. మాది గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ కుటుంబం. క్రిస్మస్ అంటే మాకు డాబా మీద వెలిగే స్టార్, అర్ధరాత్రి దాటాక వచ్చే క్యారల్స్ పార్టీ, అమ్మ వండే అరిసెలు. మధ్యాహ్నం టీవీలో 'కరుణామయుడు' వస్తే, 'కదిలిందీ కరుణరథం' పాట దగ్గర ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. కొలంబస్‌లో ఇవేవీ లేవు. నాన్నకు పొద్దు పోయేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని, కింద పార్కింగ్‌లో కార్ల మీద మంచు గీకేవాళ్లను చూస్తుండేవారు. ఓ సాయంత్రం నేనే బలవంతంగా టీవీ ముందు కూర్చోబెట్టి ఈ సినిమా పెట్టాను. తెలుగు సబ్‌టైటిల్స్ నాకు ఎక్కడా దొరకలేదు. ఎనభై ఏళ్ల నాటి పాత సినిమాకు ఎవరు రాస్తారులే అనుకుంటారేమో, నాకైతే అది చాలా అన్యాయం అనిపిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు సినిమా చూడాలంటే పక్కన ఎవరో ఒకరు కూర్చుని చెబుతూనే ఉండాలా? ఆ రోజు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, అమ్మకు నేను తెలుగులో చెబుతూ వచ్చాను. నాన్న తనే చదువుకుంటున్నారు.

మొదటి ముప్పావుగంట ఆయన ఊఁ అని కూడా అనలేదు. తర్వాత జార్జ్ పెళ్లి. భార్య మేరీతో కలిసి టాక్సీలో హనీమూన్‌కు బయల్దేరతాడు, చేతిలో 2000 డాలర్లు. బయట వాన. దారిలో చూస్తే సొసైటీ గేటు ముందు జనం గుంపు. బ్యాంకులు కూలిపోతున్నాయని వార్త. అందరికీ తమ డబ్బు ఇప్పుడే, ఈ క్షణమే కావాలి. జార్జ్ లోపలికెళ్లి వాళ్లకు చెప్పుకుంటాడు: డబ్బు ఇక్కడ పెట్టెలో లేదు, మీ పక్కింటివాళ్ల ఇంట్లో ఉంది, ఆ ఎదుటివాళ్ల గోడల్లో ఉంది అని. ఎవరూ వినరు. అప్పుడు మేరీ ఆ హనీమూన్ డబ్బు పైకెత్తి చూపిస్తుంది. మొదటివాడు తన 242 డాలర్లు మొత్తం కావాల్సిందేనని తీసుకుపోతాడు. తర్వాతివాళ్లు కొంచెం తగ్గి అడుగుతారు. ఒక పెద్దావిడ వంతు వస్తుంది. పదిహేడున్నర డాలర్లు ఇవ్వగలవా అని అడుగుతుంది. జార్జ్ ఆవిడను దగ్గరికి తీసుకుని బుగ్గ మీద ముద్దు పెడతాడు.

"ఒక్క నిమిషం ఆపమ్మా" అన్నారు నాన్న.

మంచినీళ్లకేమో అనుకున్నాను. ఆయన లేవలేదు. ఆగిపోయిన బొమ్మనే చూస్తూ కూర్చున్నారు.

నాన్న మా ఊళ్లో ఒక చిన్న సహకార బ్యాంకులో క్యాషియర్‌గా చేసేవారు. 2002లో అది మూతపడింది. డైరెక్టర్లు తమ బంధువులకు అప్పులిచ్చుకున్నారు, అవి తిరిగి రాలేదు. నాకు అప్పటికి ఇంతే తెలుసు. నేను తొమ్మిదో తరగతి. నాన్న ఉద్యోగం పోయిందని, మేము గుంటూరు మారిపోయామని మాత్రమే గుర్తు. ఆ రోజుల గురించి పదహారేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

"మనకు పాలు పోసే ఆవిడ గుర్తుందా?" అన్నారు. గుర్తే. ఆవిడకు ఆ బ్యాంకులో పదకొండు వేలు ఉన్నాయట. చివరి రోజు ఆవిడ కూడా లైన్లో నిలబడింది. "మొత్తం వద్దు బాబుగారూ, ఐదొందలు ఇప్పించండి, పిల్లోడి ఫీజు కట్టాలి" అందట. అప్పటికే డ్రాయర్ ఖాళీ. కౌంటర్ మూసెయ్యమని లోపల్నుంచి కబురొచ్చింది.

"నా జేబులో నూట అరవై రూపాయలు ఉన్నాయమ్మా. తీసి ఇద్దామని చెయ్యి పెట్టాను. మళ్లీ తీసేశాను. ఆవిడకిస్తే వెనకాల నలభై మంది ఉన్నారు, వాళ్లకేం చెప్పాలి? షట్టర్ దించేశాను."

మధ్యలో వంటింట్లోకి వెళ్లిన అమ్మ అప్పటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ సంగతి ఆమెకు కూడా తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

"మర్నాడు పొద్దున్న ఆవిడ పాలు తెస్తుందా తేదా అని నాలుగింటి నుంచీ మేలుకునే ఉన్నాను. తెచ్చింది. పోసింది. ఒక్క మాట అనలేదు."

ఆవిడ డబ్బు తర్వాత డిపాజిట్ ఇన్సూరెన్సు కింద వచ్చిందట. అప్పట్లో ఒక్కొక్కరికి లక్ష రూపాయల వరకే ఆ రక్షణ ఉండేది, 2020లో దాన్ని ఐదు లక్షలు చేశారు. కానీ ఆవిడకు డబ్బు వచ్చేసరికి పిల్లోడు బడి మానేసి పనిలో చేరిపోయాడు. లక్షకు మించి దాచుకున్నవాళ్ల సంగతి నాన్న చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా డాబా మీద స్టార్ లేదు. బల్బు పోయిందని నాన్న చెప్పారు, నేను నమ్మాను. క్యారల్స్ వాళ్లు వచ్చినప్పుడు లైటు తీసేసి, అందరినీ చప్పుడు చేయొద్దన్నారు. వాళ్లు మా గుమ్మం ముందు ఒక పాట పూర్తిగా పాడి వెళ్లిపోయారు. ఆ పాటను చీకట్లో పడుకుని విన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకలా చేశారో మాత్రం కొలంబస్‌లోనే తెలిసింది.

కాసేపటికి "పెట్టమ్మా" అన్నారు. మిగతాదంతా చూశాం. చివర్లో ఊరు ఊరంతా జార్జ్ ఇంటికి వచ్చి, బల్ల మీద చిల్లర, నోట్లు కుమ్మరించి పాడతారు. ఆ పాట దగ్గర నాన్న కళ్లజోడు తీశారు. సినిమా అయిపోయాక ఆయన అడిగింది ఒకటే: "మరి ఆ పాటర్‌ను ఎవరూ పట్టుకోలేదేంటి?" నిజమే. కనబడకుండా పోయిన ఆ 8000 డాలర్లు పాటర్ చేతికే చిక్కుతాయి, అతని దగ్గరే ఉండిపోతాయి. సినిమాలో అతనికి ఏ శిక్షా పడదు. మన సినిమా అయితే వాణ్ణి ఊరి నడిమధ్యకు ఈడ్చుకొచ్చేవాళ్లం. బంధువులకు అప్పులిచ్చుకున్న మా బ్యాంకు డైరెక్టర్లు కూడా ఊళ్లో దర్జాగానే తిరిగారని ఆ రాత్రి నాన్న చెప్పారు.

అందుకే అంటున్నాను, ఈ సినిమా చిట్టీలు, సొసైటీలు, చేబదుళ్ల మధ్య పెరిగిన మన తెలుగువాళ్లకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. 8000, 2000, 242, పదిహేడున్నర. ప్రతి లెక్కా పైకి చెబుతారు. ఏటా నవంబరు వచ్చేసరికి ఓటీటీల్లో కుప్పలుగా దిగే క్రిస్మస్ సినిమాలు చూడండి. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి సొంతూరికి వస్తుంది, అక్కడ ఒక బేకరీ మూతపడేలా ఉంటుంది, గళ్ల చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడుంటాడు. ఆ బేకరీకి అప్పు ఎంతో, ఎవరికి కట్టాలో ఒక్కరూ చెప్పరు. కష్టమే నిజం కానప్పుడు చివర్లో సంతోషం మాత్రం మనకెలా అంటుతుంది?

డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్' కూడా డబ్బు కథే. అందులో గుమాస్తా జీతం వారానికి పదిహేను షిల్లింగులని స్పష్టంగా ఉంటుంది. డికెన్స్ పన్నెండేళ్ల వయసులో, తండ్రి అప్పులు కట్టలేక జైల్లో ఉంటే, తను బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేశాడు. అది పడ్డవాడు కాబట్టే అలా రాయగలిగాడు. పిల్లలున్న ఇంట్లో అయితే 1992లో బొమ్మలతో తీసిన 'ద మప్పెట్ క్రిస్మస్ కెరోల్' పెట్టండి. చుట్టూ ఉన్నవి దాదాపు అన్నీ బొమ్మలే అయినా, పిసినారి స్క్రూజ్‌గా నటుడు మైకేల్ కెయిన్ ఎంత నిజాయితీగా చేశాడో చూడండి. 'హోమ్ అలోన్' పిల్లలు ఎలాగూ చూస్తారు. అందులో చర్చిలో పక్కింటి ముసలాయన పిల్లాడితో మాట్లాడే సీను వచ్చినప్పుడు మీరూ వచ్చి కూర్చోండి. 2019 నాటి 'క్లౌస్' (Klaus) అనే కార్టూన్ సినిమా కూడా బాగుంటుంది.

పెద్దవాళ్లకు ఇంకొకటి: 1940 నాటి 'ద షాప్ అరౌండ్ ద కార్నర్'. ఇందులోనూ జేమ్స్ స్టూవర్టే. బుడాపెస్ట్‌లో ఒక కొట్టు, అక్కడి పనివాళ్లు, ఉద్యోగం ఎప్పుడు పోతుందోనన్న టెన్షన్. క్రిస్మస్ ముందురోజు రాత్రి యజమాని ఒంటరిగా బయట నిలబడి, ఎవరైనా తనతో భోజనానికి వస్తారా అని చూస్తుంటాడు. ఆఖరికి కొత్తగా చేరిన కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళతాడు. ఆ ఒక్క సీను కోసమైనా చూడాలి.

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' రెండుగంటల పదినిమిషాలు ఉంటుంది. మొదటి గంటను పరుగెత్తించకండి. ఆ గంటలోనే జార్జ్ ఒక్కో ఆశా వదులుకుంటాడు, అది తెలియకపోతే వంతెన మీద వాడు ఎందుకున్నాడో తెలియదు. విడుదలైనప్పుడు ఇది పెద్దగా ఆడలేదు. 1974లో కాపీరైట్ రెన్యువల్ చేయించలేదు కాబట్టి, టీవీ ఛానళ్లు ఏటా డిసెంబరులో పదేపదే వేసుకున్నాయి. అలా వేసీ వేసీ అమెరికాలో ఇంటింటి సినిమా అయింది. ఇంకో సంగతి, ఇందులో కనిపించే మంచు అంతా ఎండాకాలంలో సృష్టించిందే. దానికి మంటలార్పే నురగ కూడా వాడారు. ఇది చెబితే నాన్న కిటికీలోంచి బయటి అసలు మంచును చూసి, మళ్లీ టీవీని చూసి, "నమ్మేలానే ఉంది" అన్నారు.

ఆయనకు సినిమా పేరు నోరు తిరగదు. 'బ్యాంకు సినిమా' అనే అంటారు. నిరుడు నేను గుంటూరు వెళ్లినప్పుడు ఆయనే పెట్టమన్నారు. పదిహేడున్నర డాలర్ల దగ్గరికి రాగానే చెయ్యెత్తారు. ఆపాను. ఈసారి ఏమీ చెప్పలేదు. కొంతసేపు అలాగే చూసి, "ఊఁ, పెట్టమ్మా" అన్నారు.