నడిచినందుకు చీర కొనుక్కుంటే తప్పా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 41 ఏళ్లు. మావారు రొయ్యల చెరువు లీజుకి తీసుకుని చేస్తారు. నేను ఇంటిపట్టున ఉండి లేసు అల్లుతాను. పోయిన వినాయక చవితి తర్వాత రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 6.2 వచ్చింది. "ఇంకా షుగరు కాదు గానీ గుమ్మంలోకి వచ్చింది. బరువు తగ్గండి, రోజూ నడవండి" అన్నారు డాక్టరుగారు. మందులు రాయలేదు. అప్పట్నుంచి తెల్లారగట్ల వదినల తోడుతో కాలవగట్టు మీద నడిచాను. 74 కిలోలు ఉండేదాన్ని, సంక్రాంతికి 68కి వచ్చాను. నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే కాటా ఎక్కడం, ముల్లు తగ్గితే ఆత్రేయపురం పూతరేకులు రెండు తినడం. అయిదు కిలోలు తగ్గినప్పుడు లేసు డబ్బులతో ఒక చీర కొనుక్కున్నాను. "నడిచినందుకు నీకు నువ్వే లంచం ఇచ్చుకుంటావేంటే?" అన్నారు మావారు, అందరి ముందూ. "పిల్ల ఫీజు కట్టాల్సిన టైములో చీరా?" అని అత్తగారు రెండ్రోజులు సాధించారు. కనుమకి ఈయన కోడిపందేల బరి దగ్గర పోగొట్టుకొచ్చింది మాత్రం ఎవరూ అడగలేదు. ఆ చీర కవర్లోంచి తీయలేదు. పండగ తర్వాత ముల్లు 68 దగ్గరే ఆగిపోయింది. శనివారం రాత్రి అన్నం మానేసి, నీళ్లు కూడా తగ్గించి చూశాను. అయినా తగ్గకపోతే ఒళ్లు మండి డబ్బాలో ఉన్న పూతరేకులన్నీ ఒక్కదాన్నే కూర్చుని తినేస్తున్నాను. రెండు వారాలుగా నడకే మానేశాను. ఆరు కిలోలు తగ్గినా ఈ ఇంట్లో ఒక్కరు కూడా "తగ్గావే" అనలేదండి. నాకు నేను బహుమతి ఇచ్చుకోవడం తప్పంటారా? మానేయమంటారా?

జవాబు: మానేయొద్దమ్మా. మార్చుకోండి. ఏం మార్చుకోవాలో చెప్పేముందు మీరు అడగని లెక్క ఒకటి చెప్తాను.

షుగరు గుమ్మంలో ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో వాళ్లకి పెట్టిన లక్ష్యాలు రెండే. ఉన్న బరువులో ఏడు శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడకలాంటి శ్రమ చెయ్యాలి. ఆ దారి పట్టిన గుంపులో షుగరు వ్యాధి రావడం, మామూలు సలహాలతో సరిపెట్టుకున్న గుంపు కంటే 58 శాతం తక్కువగా కనబడింది. 74 కిలోల్లో ఏడు శాతమంటే అయిదు కిలోల చిల్లర. మీరు తగ్గింది ఆరు. సంక్రాంతి ముగ్గులు పెట్టే నాటికే మీరు ఆ గీత దాటేశారు, మీకెవరూ చెప్పలేదంతే.

అమెరికావాళ్ల సంగతి మనకెందుకంటారా? చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం సుమారు 530 మంది మనవాళ్లతోనే ఇలాంటి అధ్యయనం చేసి 2006లో ప్రకటించింది. మూడేళ్లలో ఏ మార్పూ చేసుకోని గుంపులో వందకి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో 39 మందికి వచ్చింది. ఇందులో మీరు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఏంటంటే, ఆ మార్చుకున్నవాళ్లకి బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ముల్లు కదలకపోయినా మేలు జరిగింది. నడిచినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరని లాక్కుని వాడుకుంటాయి, ఆ పని కాటా మీద కనపడదు. ముల్లు 68 దగ్గర ఆగిందని మీరు మానేసిన నడక, మానేసే రోజు దాకా లోపల పనిచేస్తూనే ఉంది.

ఇక ఆ ముల్లు ఎందుకు ఆగింది అంటే, బరువు తగ్గిన ఒంటికి రోజూ కావలసిన తిండి కూడా తగ్గుతుంది. అదే తిండి, అదే నడకతో మొదట్లో తగ్గినంత తర్వాత తగ్గదు. దానికి తోడు ఆవకాయ, ఎండుచేపల పులుసు తిన్న మర్నాడు ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరి ముందు కూడా అంతే. కిలో, కిలోన్నర అటూ ఇటూ అవడం మామూలు. అది కొవ్వు కాదు, నీళ్లు. శనివారం రాత్రి మీరు మానేసిన అన్నం, తాగని నీళ్లు కూడా ఆ కోవలోవే. ఆదివారం పొద్దున ముల్లు కాస్త వంగినా అందులో కొవ్వు తగ్గింది చాలా తక్కువ.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మీ బహుమతిని కాటాకి కట్టేశారు. కాటాకి కట్టిన బహుమతి మనిషికి నడవడం నేర్పదు, కాటాని మోసం చెయ్యడం నేర్పుతుంది. మీలాంటి నిజాయితీ గల మనిషి నీళ్లు మానుకునే దాకా వచ్చిందంటే అది మీ బుద్ధి తప్పు కాదు, పద్ధతి తప్పు.

మీ ఆయన చెరువు సంగతే చూడండి. రొయ్యకి రోజూ మేత వేస్తారు. మేత మిగిలిందో లేదో చెక్ ట్రేలు ఎత్తి చూసి ఎక్కువతక్కువలు సర్దుతారు. వారానికోసారి వల విసిరి కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూస్తారు. ఈ వారం కౌంటు కదల్లేదని కోపమొచ్చి మేత ఆపేసి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు కట్టేస్తే ఆ చెరువు ఏమవుతుందో ఆయన్నే అడగండి. కౌంటు చూసుకునేది తెలుసుకోవడానికి. మేత మాత్రం రోజువారీది. మీ బహుమతి కూడా మేత లాగా ఉండాలి. చిన్నది, చేసిన పనికి వెంటనే అందేది. బరువు మన చేతిలో ఉండదు, నడక మన చేతిలో ఉంటుంది. అందుకని నడిచిన రోజుకే బహుమతి.

పూతరేకుల దగ్గరికొద్దాం. ఆత్రేయపురం వాళ్ల చేతిపనికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకదాన్ని, కాబట్టి వాటి మీద నాకేం కోపం లేదు. కానీ మీ బరువున్న మనిషి అరగంట మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 క్యాలరీలు. పది గ్రాముల నెయ్యిలోనే 90 ఉంటాయి. రెండు రేకుల్లో నెయ్యి, పంచదార, జీడిపప్పు కలిపితే ఆ పొద్దుటి నడక అక్కడికక్కడే చెల్లయిపోతుంది. బెల్లం పూతరేకులైతే పరవాలేదనే మాట మన వైపు బాగా వినపడుతుంది. పరవాలేదు అనడానికి లేదు, రక్తంలో చక్కెర విషయంలో బెల్లం కూడా పంచదారకి చెల్లెలే.

అయితే క్యాలరీల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. పూతరేకుని మీరు కూలీగా చేసుకున్నారు. వారమంతా కష్టపడితే దొరికేది అదే అయినప్పుడు, మనసులో దాని విలువ మామూలు మిఠాయి కంటే పదింతలు పెరుగుతుంది. దొరకని ఆదివారం అన్యాయం జరిగినట్టుంటుంది. ఆ ఉక్రోషమే డబ్బా ఖాళీ చేయించింది. అలాగని జన్మలో ముట్టనని ఒట్లు పెట్టుకోవద్దు, కోనసీమ చుట్టుపక్కల పుట్టి ఆ ఒట్టు నిలబెట్టుకున్నవాళ్లని నేను చూడలేదు. పెళ్లిలోనో, పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో అందరితో కూర్చుని ఒకటి తినండి. తిన్నందుకు మర్నాడు పస్తుండకండి. డబ్బా మాత్రం మీ గదిలో పెట్టుకోకండి.

ఒక్కదాన్నే కూర్చుని, ఆపుకోలేక, తర్వాత సిగ్గుపడేలా తినడం వారం వారం జరుగుతూ ఉంటే అది తిండిపోతుతనం కాదు, సాయం తీసుకోవాల్సిన విషయం. డాక్టరుగారికి చెప్పండి. ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేనంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

మీ ఆయన లంచం అన్న మాటకి మీరు నొచ్చుకున్నారు, నొచ్చుకోవాల్సిందే. అందరి ముందూ అనడం తప్పు. కానీ ఆ మాటలో ఒక పిసరు నిజం లేకపోలేదు. 1973లో అమెరికాలో చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లలకి "వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకి ఆ పిల్లలు, ఏ బహుమతీ లేని పిల్లల కంటే బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. ఇష్టంగా చేసే పనికి వెల కడితే ఇష్టం తగ్గొచ్చు. అందుకని తెల్లారగట్ల ఆ గట్టు మీద గాలి, కొంగలు, తోడొచ్చే వదినలతో కబుర్లు మీకు నచ్చుతున్న రోజుల్లో బహుమతిని కాస్త పక్కన పెట్టండి. లేవడం బద్ధకంగా ఉన్న రోజులకే దాన్ని వాడండి. మీకిప్పుడు అలాంటి రోజులే నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడు వాడాలి.

ఎలాగంటే, గోడ క్యాలెండరు మీద పాల లెక్క గీసినట్టు నడిచిన రోజు ఒక గీత గీయండి. గీసిన ప్రతిసారీ లేసు డబ్బుల్లోంచి ఒక ఇరవై రూపాయలు డబ్బీలో వెయ్యండి. నడవని రోజు వెయ్యొద్దు, ఉన్నది తీయొద్దు కూడా. జరిమానాలు పెట్టుకున్నవాళ్లు డబ్బీనే అటక మీద పెట్టేస్తారు. గీసే పని మీ అమ్మాయికి అప్పగిస్తే ఇంకా మంచిది. సాక్షి ఉంటే మనిషి లేస్తాడు. ఆ డబ్బీలోంచి మొదట కొనాల్సింది మంచి నడక బూట్లు. షుగరు గుమ్మంలో ఉన్న మనిషి కాలవగట్టు మీద హవాయి చెప్పులతో తిరగడం నాకిష్టం లేదు. ఆ తర్వాత మీ ఇష్టం. చీరైనా సరే, నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటి, ఒక పూట అంతర్వేది వెళ్లి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచి రావడమైనా సరే. ఖర్చు లేనివీ ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మిమ్మల్ని ఎవరూ "టీ పెట్టవే" అని పిలవకుండా ఉండటం, నన్నడిగితే, చీర కంటే ఖరీదైనది. దాన్ని ఇంట్లో ముందే చెప్పి తీసుకోండి.

ఇంకో కిటుకు ఉంది. మీకు నచ్చిన ప్రవచనమో, నవలో, సీరియల్ నాటకమో ఫోన్లో పెట్టుకుని నడిచేటప్పుడు మాత్రమే వినండి. ఇంటికి రాగానే కట్టేయండి, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇలా జిమ్ములో మాత్రమే నవలలు వినేలా చేసి చూశారు, 2014లో ప్రకటించారు. మొదట్లో వాళ్లు మిగతావాళ్ల కంటే సగానికి సగం ఎక్కువసార్లు జిమ్ముకి వెళ్లారు. అక్కడి పెద్ద పండగ సెలవులు రాగానే ఆ ఊపు పోయింది! మీకు సంక్రాంతి చేసిందే వాళ్లకీ జరిగింది. కాబట్టి పండగ తర్వాత ఆగిపోవడం మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. వచ్చే పండక్కి మాత్రం మళ్లీ మొదలెట్టే తేదీ ముందే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. ఎండాకాలం కాలవలకి నీళ్లు కట్టేశాక గట్టు మీద వేడి ఎక్కువ, ఆరున్నరకల్లా ఇంటికొచ్చేయండి.

కవర్లో ఉన్న చీర రేపే కట్టుకోండి. మీ చేత్తో అల్లిన లేసుకి వచ్చిన డబ్బు అది. పిల్ల ఫీజు ఆగిపోయిందని మీరు రాయలేదు, కాబట్టి ఆగలేదనే అనుకుంటున్నాను. అత్తగారికి సంజాయిషీలు వద్దు. "లేసు డబ్బులండీ" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. బరి లెక్క మాత్రం ఈ గొడవలోకి లాగకండి. అడగాల్సిన లెక్కే అది, కానీ చీరకి జవాబుగా తీస్తే రెండూ తేలవు. వేరే రోజు, వేరేగా అడగండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా తగిలింది "ఒక్కరు కూడా తగ్గావే అనలేదు" అన్న మాట. మీరు ఆదివారం పొద్దున్న కాటా మీద వెతుక్కుంటున్నది కూడా అదేనేమో. పూతరేకులతో ఆ ఆకలి తీరదు, చీరతోనూ తీరదు. దాన్ని ఆయన్నే అడగాలి. మన మగవాళ్లు చాలామంది చూస్తారు గానీ పైకి అనరు, అంటే ఎక్కడ చులకనవుతామో అని వేళాకోళంలోకి దింపుతారు. చెరువు గట్టు మీద ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, పంట బాగున్న రోజు చూసి, "ఆరు కిలోలు తగ్గానండీ, మీ నోటితో ఒక మాట వినాలనుంది. అందరి ముందూ లంచం అన్నారు, నాకు కష్టమనిపించింది" అని నేరుగా చెప్పండి. ఏడవకుండా చెప్పగలిగితే మేలు, ఏడుపొస్తే కూడా పోయేదేం లేదు. ఆయన ఆ రోజు ఏమీ అనకపోవచ్చు. తడుముకుని, మర్నాడు "ఏంటి, ఇవాళ వెళ్లలేదా?" అంటే అదే ఆయన మెచ్చుకోలు అని అర్థం చేసుకోండి. ఏమీ అనకపోతే, ఆ మాట మీ అమ్మాయి దగ్గరో, నడకలో తోడొచ్చే వదినల దగ్గరో దొరుకుతుంది. ఇంటాయన నోటి నుంచే రావాలని పట్టు పట్టి నడక ఆపుకోకండి.

కాటా అటకెక్కించక్కర్లేదు. నెలకోసారి ఎక్కండి, ముందు రాత్రి కడుపునిండా మామూలుగా తిని. టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలత కూడా రాసుకోండి. మన దేశపు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు. ఆ టేపుకి కూడా ఏ బహుమతీ కట్టకండి.

చవితి తర్వాతి పరీక్షకి ఆరు నెలలు కావస్తోంది. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి, ఇప్పుడు చేయిస్తే మీరు నడిచిన నెలల ఫలితం చాలావరకు అందులో తెలుస్తుంది, మానేసిన రెండు వారాలు కూడా కొంత కనపడతాయి. 5.7 కంటే కిందికి వస్తే మామూలు కిందే లెక్క. 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుగారు మందుల మాట ఎత్తుతారు. ఏది వచ్చినా శనివారం పస్తుల సంగతి, డబ్బా సంగతి ఆయన దగ్గర దాచకండి. ఒకవేళ ఎప్పుడైనా మందులు మొదలైతే, భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే మాత్రలు కొన్ని ఉంటాయి. ల్యాబుకి వెళ్లే రోజు మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. చెరువు నీళ్లకి నెలకిన్నిసార్లు పరీక్షలు చేయించే మనిషి, తన రక్తం ఎప్పుడు చూపించుకున్నారో కూడా ఒకసారి అడగండి.