సర్వర్ మీద విండోస్ లాగిన్ అవుతోంది, లాప్‌టాప్ నుంచి అవ్వట్లేదా? ముందు ఎస్‌పీఎన్ (సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్) చూడండి

మీరు రాసింది ఇదీ కదా: ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ సర్వీస్ నడిచే అకౌంట్ మార్చారు, అప్పట్నుంచి విండోస్ ఆథెంటికేషన్‌తో వెళ్తే "కెనాట్ జెనరేట్ ఎస్‌ఎస్‌పీఐ కాంటెక్స్ట్" అంటోంది, ఎస్‌ఏ (ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత అడ్మిన్ లాగిన్) తో వెళ్తోంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్ మీదకెళ్లి చూస్తే విండోస్ లాగిన్ కూడా శుభ్రంగా పనిచేస్తోంది. చదవగానే నవ్వొచ్చిందండీ, మీ మీద కాదు, నా మీద.

నేనూ ఇదే చేశా. సర్వీస్‌ని డొమైన్ అకౌంట్ మీద నడపమని ఆడిట్‌లో రాశారు, సరే అని శనివారం రాత్రి పదకొండింటికి కూర్చున్నా. సర్వీస్ ఆపితే "స్టాపింగ్" అని తిరుగుతూనే ఉంది, నిద్రొస్తోంది, ఓపిక లేక టాస్క్ మేనేజర్‌లోకెళ్లి ఎండ్ టాస్క్ కొట్టేశా. కొత్త అకౌంట్ పెట్టి స్టార్ట్ చేసి, అక్కడే సర్వర్ మీద కనెక్ట్ అయ్యి చూశా, అయ్యింది, పడుకున్నా. సోమవారం పొద్దున తొమ్మిది కాకముందే ఫోన్లు మొదలు.

లాగిన్‌లు డిలీట్ చేసి మళ్లీ క్రియేట్ చేశా, ఒకాయనకి ఏకంగా సిస్‌అడ్మిన్, అంటే ఎస్‌క్యూఎల్ మీద పూర్తి అధికారం ఇచ్చేశా (తర్వాత తీసేశాలెండి), ఫైర్‌వాల్ మీద అనుమానంతో నెట్‌వర్క్ కుర్రాడితో గొడవ కూడా పెట్టుకున్నా. పాపం వాడి తప్పేం లేదు.

అసలు సంగతేంటంటే, మీ లాప్‌టాప్ డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో అకౌంట్లన్నీ చూసుకునే సర్వర్) దగ్గరకెళ్లి "ఈ సర్వర్‌లో 1433 పోర్ట్ మీదున్న ఎస్‌క్యూఎల్ సర్వీస్‌కి నాకో కెర్బరోస్ టికెట్ కావాలి" అంటుంది (కెర్బరోస్ అంటే ఇలా టికెట్లతో ఎవరు ఎవరో గుర్తుపట్టే పద్ధతి), ఆ సర్వీస్ పేరు ఎవరి అకౌంట్ కింద రాసుందో వాళ్ల తాళంతో టికెట్ సీల్ చేసి ఇస్తారు. ఆ రాసిపెట్టుకున్న పేరే ఎస్‌పీఎన్. ఇంతకుముందు సర్వీస్ లోకల్ సిస్టమ్ (ఆ మెషీన్ సొంత అకౌంట్) కింద నడిచేది కాబట్టి ఆ పేరు కంప్యూటర్ అకౌంట్ కింద ఉంది. సర్వీస్ మామూలుగా ఆగితే పోతూ పోతూ దాన్ని తనే చెరిపేస్తుంది, నేను పీక నొక్కేశాను కదా, అలాగే ఉండిపోయింది. కొత్త అకౌంట్‌కేమో డొమైన్‌లో ఎస్‌పీఎన్ రాసుకునే పర్మిషన్ లేదు. ఇంకేముంది, పాత అద్దెకున్నాయన తాళం వేసిన పెట్టె కొత్తాయన చేతికొచ్చింది, తెరుచుకోదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఎస్‌పీఎన్ అసలు లేకపోతే మామూలుగా క్లయింట్, అంటే మీ లాప్‌టాప్, ఎన్‌టీఎల్‌ఎం అనే పాత లాగిన్ పద్ధతికి దిగిపోయి లాగిన్ అయిపోతుంది, ఎవరికీ తెలీదు కూడా. తప్పు అకౌంట్ కింద ఉంటే మాత్రం ఇలా అడ్డం తిరుగుతుంది. సర్వర్ మీద నుంచే కనెక్ట్ అయితే కూడా ఎన్‌టీఎల్‌ఎం తోనే పనైపోతుంది, కెర్బరోస్ దాకా పోదు, అందుకే శనివారం నా టెస్ట్ పాసైంది. టెస్ట్ ఎప్పుడూ వేరే మెషీన్ నుంచి చెయ్యండి.

ముందు ఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లో స్టార్టప్ లైన్లు చూడండి, సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్ రిజిస్టర్ చెయ్యలేకపోయానని అక్కడ ఏడ్చి ఉంటుంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్‌ఎస్‌పీఎన్ -క్యూ కొట్టి, ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌ఎస్‌వీసీ స్లాష్ సర్వర్ పూర్తి డొమైన్ పేరు, కోలన్ 1433 ఇస్తే అది ఎవరి కింద ఉందో చెప్తుంది. -ఎక్స్ అంటే డూప్లికేట్లు చూపిస్తుంది. పాతదాన్ని -డీ తో తీసేసి కొత్త అకౌంట్ కింద -ఎస్ తో పెట్టమని మీ డొమైన్ అడ్మిన్‌ని అడగండి, డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ (విడిగా పేరు పెట్టకుండా ఇన్‌స్టాల్ చేసింది) అయితే పోర్ట్ ఉన్నదీ లేనిదీ రెండూ.

పెట్టగానే పని అవ్వకపోతే కంగారు పడకండి. డొమైన్ కంట్రోలర్‌లు నాలుగైదు ఉంటే మార్పు అన్నిటికీ చేరాలి, పైగా క్లయింట్ దగ్గర పాత టికెట్ ఉండిపోతుంది, డిఫాల్ట్‌గా దాని ఆయుష్షు 10 గంటలు. పాత టికెట్లు చెరిపే కేలిస్ట్ పర్జ్ కమాండ్ కొట్టండి, లేదా లాగాఫ్ అయ్యి రండి. నేను ఇది తెలీక సరిగ్గా చేసిన ఫిక్స్‌ని కూడా ఒకసారి వెనక్కి తిప్పేశా, ఇంకో గంట పోయింది.

ఎస్‌పీఎన్ బాగానే ఉందంటే గడియారాలు చూడండి, డొమైన్ కంట్రోలర్‌కీ మీ మెషీన్‌కీ 5 నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే కెర్బరోస్ ఒప్పుకోదు, స్నాప్‌షాట్ నుంచి లేపిన వర్చువల్ మెషీన్‌లతో ఇది తరచూ వస్తుంది. ఎర్రర్‌లో "ఎనానిమస్ లాగాన్" అని ఉంటే మాత్రం అది వేరే కథ, ఎక్కువగా లింక్డ్ సర్వర్‌తో వచ్చే డబుల్ హాప్ (మొదటి సర్వర్ మీ తరఫున రెండో సర్వర్‌కి వెళ్లాల్సి రావడం), దానికి డెలిగేషన్, అంటే అలా మీ తరఫున వెళ్లే అనుమతి కావాలి.

అంతా అయ్యాక మీ లాప్‌టాప్ నుంచి కనెక్ట్ అయ్యి సిస్ డాట్ డీఎం ఎగ్జెక్ కనెక్షన్స్‌లో మీ సెషన్‌కి ఆథ్ స్కీమ్ కాలమ్ చూడండి, కెర్బరోస్ అని రావాలి. ఎన్‌టీఎల్‌ఎం అని వస్తే లాగిన్ అయినా సరే ఇంకా పూర్తవ్వలేదన్నమాట, ఆ -క్యూ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, సర్వర్ పేరు మార్చేసి పెట్టండి, చూద్దాం.