చెనిక్కాయ వేర్ల దగ్గర జమాఖర్చు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

పలమనేరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మీ అవ్వ చెనిక్కాయ చెట్టును పీకి, వేర్లకున్న బుడిపెను గోటితో చిదిమి, లోపలి గులాబీ రంగును నీకు చూపించిన భాగం బాగుంది. దాని తర్వాతి వాక్యమే నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది: "ఈ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ను తిని బతుకుతుంది."

తినదమ్మా. నైట్రోజన్ దానికి ఆదాయం కాదు, ఖర్చు. ఒక్క నైట్రోజన్ అణువును రెండు అమోనియా అణువులుగా మార్చడానికి కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. ఆ ఖర్చు భరించేది చెట్టు. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర వేర్లలో మేలేట్ వంటి సేంద్రియ ఆమ్లాలుగా మారి, బుడిపెలో ఉండే ఆ బ్యాక్టీరియాకు, అంటే బ్రాడీరైజోబియానికి, అందుతుంది. అది వాటిని ఆక్సిజన్‌తో దహించి శక్తిని పొందుతుంది, తన ఒంటికి కావలసిన కార్బన్‌నూ వాటిలోనుంచే తీసుకుంటుంది. నువ్వు వర్ణించిన గులాబీ రంగు, మన రక్తంలోని హిమోగ్లోబిన్ వంటి ప్రోటీనైన లెగ్‌హిమోగ్లోబిన్‌ది. నైట్రోజన్‌ను విడగొట్టే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది కనుక, శ్వాసకు చాలినంత అందిస్తూనే విడి ఆక్సిజన్‌ను అతి తక్కువ స్థాయిలో ఉంచడం దాని పని. నువ్వు రంగు చూపించి పని చెప్పకుండా వెళ్లిపోయావు.

ఏ సూక్ష్మజీవి గురించి రాసినా శక్తి ఎక్కడిది, కార్బన్ ఎక్కడిది అని రెండు పద్దులు విడివిడిగా రాయాలన్నది నా పట్టుదల. మొండితనమని మిత్రులు అంటారు. మనకు రెండూ ఒకే అన్నం ముద్దలో వస్తాయి కాబట్టి అవి వేర్వేరన్న సంగతే తట్టదు. నీ చేలోనే చూడు. ఆ బుడిపెలకు జానెడు దూరంలో నైట్రోసోమోనాస్ అనే మట్టి బ్యాక్టీరియా సరిగ్గా ఎదురుదారిలో బతుకుతుంది. బుడిపెలో అంత ఖర్చుతో తయారయ్యే ఆ అమోనియాయే, మట్టిలో దొరికినప్పుడు, దీనికి ఆదాయం. అమోనియాను ఆక్సిజన్‌తో నైట్రైట్‌గా మార్చి, ఆ మార్పులో విడుదలైన శక్తితో, వెలుతురు చొరని మట్టిలో కార్బన్ డయాక్సైడ్ నుంచి తన ఒంటిని కట్టుకుంటుంది. ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చి నైట్రోబాక్టర్ అనే మరో బ్యాక్టీరియా బతుకుతుంది. ఈ మార్పుల్లో దక్కే శక్తి స్వల్పం కనుక, ఎంతో అమోనియా ఖర్చయితే తప్ప కొంచెం కార్బన్ సమకూరదు. అందుకే ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి.

ఇలాంటి బతుకును 1887లో గంధకం మీద బతికే బెగియటోవా అనే బ్యాక్టీరియాలోనూ, 1890లో జ్యూరిచ్‌లో అమోనియాను నైట్రేట్ దాకా మార్చే ఈ నైట్రీకరణ బ్యాక్టీరియాలోనూ పట్టుకున్నవాడు రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. బ్యాక్టీరియాను పెంచాలంటే జిలాటిన్, మాంసరసం ఉండాలని అందరూ నమ్ముతున్న కాలంలో ఆయన సేంద్రియ పదార్థాన్ని తీసేసి, అమోనియా లవణమూ ఖనిజాలూ మాత్రమే ఇచ్చి వాటిని పెంచాడు. నీ వ్యాసంలో ఆయనకు సగం వాక్యం దక్కింది. ఏటీపీని 1929లో గుర్తించినవారిలో ఒకరైన మన యల్లాప్రగడ సుబ్బారావుగారికి మాత్రం పేజీన్నర ఇచ్చావు. ఆయన మీద నాకూ గౌరవమే, కానీ ఆ పేజీన్నరలో ఏటీపీ ఏం చేస్తుందో ఒక్క ముక్క లేదు. కొట్టెయ్.

శక్తి ఎక్కడిది, కార్బన్ ఎక్కడిది అన్నదాన్నిబట్టి సూక్ష్మజీవులను పంచిన నీ నాలుగు గళ్ల పట్టిక కూడా తీసెయ్. పరీక్షకు చదివేవాళ్లకు అది చాలు. గడుల్లో పేర్లు నింపావే గాని ఒక్క జీవి బతకడం చూపలేదు. వెలుతురు నుంచి శక్తి తీసుకుంటూ కార్బన్‌ను మాత్రం సేంద్రియ పదార్థం నుంచి తెచ్చుకోగల ఊదారంగు బ్యాక్టీరియా ఉన్నాయి. హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గా మార్చి శక్తి పొందుతూ, ఒంటికి కావలసిన కార్బన్‌నూ అదే వాయువు నుంచి తీసుకునే ఆర్కియాలు, బ్యాక్టీరియాలా కనబడినా వేరే తెగకు చెందిన ఏకకణ జీవులు, గోబర్ గ్యాస్ తొట్టిలో ఉన్నాయి. ఇలాంటి వాటి దగ్గర ఒక్క పేరాసేపైనా నిలబడాలి.

నేను ఇక్కడ గుమాస్తాగా పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకునే రోజుల్లో, నైట్రోసోమోనాస్ మీద వ్యాసం ఒకటి ఒక వారపత్రికకు పంపాను. ఎలక్ట్రాన్లు ఎవరి నుంచి ఎవరికి వెళతాయో చెప్పిన పేరాను సంపాదకుడు పాఠకులకు బరువని కొట్టేసి, ఖాళీ అయిన చోట కళ్లూ పళ్లూ ఉన్న క్రిమి బొమ్మ వేయించాడు. ఆ పత్రిక ఆగిపోయింది గాని ఆ బొమ్మ ఇంకా బతికే ఉంది, ఇప్పుడు "మీకు తెలుసా?" అనే శీర్షికల పక్కన కనబడుతోంది. ఆ కొట్టేసిన పేరాలోని సంగతినే, బుడిపెల ఖర్చుతో కలిపి, ఒకసారి చిత్తూరు బస్సులో పక్కన కూర్చున్న రైతుకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అట్లయితే యూరియా ఎక్కువేస్తే ఆ బుడిపెలు సరిగా కట్టవా సామీ?" అని అడిగాడు. కట్టవు, మట్టిలోనే నైట్రోజన్ దొరుకుతున్నప్పుడు చెట్టు బుడిపెలను పోషించడం తగ్గించుకుంటుంది. జమాఖర్చు వివరంగా చెబితే పాఠకుడు ఇంత దూరం తనంతట తానే వస్తాడు. బరువన్న సంపాదకుడికి ఈ ప్రశ్న తట్టలేదు.

రెండో పేజీ నుంచి తిరగరాయి. నైట్రేట్ దగ్గర ఆపొద్దు. వాన ఎక్కువై నీళ్లు నిలిచిన చేలో ఆక్సిజన్ అందనప్పుడు, కొన్ని బ్యాక్టీరియా తమ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌కు అప్పగించి శ్వాసిస్తాయి. ఆ నైట్రేట్ మళ్లీ నైట్రోజన్ వాయువై గాలిలో కలుస్తుంది. వాటి రెండు పద్దులూ నువ్వే రాయాలి, నేను చెప్పను. దీపావళి లోపు పంపు. కలం పేరు, పారితోషికం సంగతులు తర్వాత చూసుకుందాం.

ఆశీస్సులతో.